నమ్మకం పోయి మానేసిన వికలాంగ పేషెంటు మళ్లీ రావాలంటే ఆస్పత్రి ఏం చేయాలి

ఇది చిన్న ప్రైవేటు ఆస్పత్రులు, ఏరియా ఆస్పత్రులు, పీహెచ్‌సీలు నడిపేవాళ్ల కోసం. వీల్‌చైర్‌లో వచ్చినాయన్ని బల్ల ఎక్కించకుండానే చూసి పంపేశారు. చెవులు వినపడని అమ్మాయిని పేరు పెట్టి పిలిచి, పలకలేదని టోకెన్ పక్కన పడేశారు. కడుపుతో వచ్చిన అంధురాలిని "నీకెందుకమ్మా ఇప్పుడు పిల్లలు" అన్నారు. ఆ తర్వాత వాళ్లు రావడం మానేస్తారు. చాలామంది ఫిర్యాదు కూడా చేయరు. జ్వరానికి మెడికల్ షాపు గోళీలు, పుండుకి ఇంట్లో కట్టు, చేయి దాటాక 108.

తియ్యగా మాట్లాడినంత మాత్రాన వాళ్లు తిరిగి రారు. చెప్పింది చెప్పినట్టు జరిగిన ఒక్క విజిట్ కావాలి. కింద రాసిందంతా ఆ ఒక్క విజిట్‌ను సరిగ్గా జరిపించడం గురించే.

1. ఫోన్ చేసే ముందు జరిగింది తెలుసుకోండి

పాత కేస్ షీటు, ఓపీ రిజిస్టరు, ల్యాబ్ బిల్లులు తీయండి. ఆ రోజు డ్యూటీలో ఉన్న నర్సుతో, వార్డు బాయ్‌తో, సెక్యూరిటీ గార్డుతో విడివిడిగా మాట్లాడండి. గార్డును వదిలేయకండి. లిఫ్టు పనిచేయలేదనీ, ర్యాంపు మీద బైకులు పెట్టారనీ చెప్పేది చాలాసార్లు అతనే.

మూడు విషయాలు ఒక కాగితం మీద రాసుకోండి: ఏం జరిగింది, దానివల్ల పేషెంటుకి ఏమైంది, ఈపాటికి మనం ఏం మార్చాం. మూడోది ఖాళీగా ఉంటే ఫోన్ చేయొద్దు. ఏమీ మార్చకుండా రమ్మని పిలిస్తే రెండో దెబ్బ తగులుతుంది, మూడో అవకాశం ఎవరూ ఇవ్వరు.

పాత రికార్డులు కావాలని పేషెంటు ఎప్పుడైనా అడిగి ఉంటే ముందు అవి ఇచ్చేయండి. వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. రికార్డులు తొక్కిపట్టి క్షమాపణ చెబితే ఎవరూ నమ్మరు.

2. ఎవరు మాట్లాడాలి, ఏం మాట్లాడాలి

పీఆర్వోతో చేయించకండి. బిల్లు కోసమో రేటింగు కోసమో బతిమాలుతున్నారనుకుంటారు. మార్పులు చేయించే అధికారం ఉన్న మనిషి, అంటే సూపరింటెండెంటో, మెడికల్ ఆఫీసరో, ఆస్పత్రి యజమానో స్వయంగా మాట్లాడాలి. వినికిడి లోపం ఉంటే ఫోన్ కాదు, వాట్సాప్ మెసేజి పంపి వీడియో కాల్‌కి సమయం అడగండి. పేషెంటు పెద్దవాళ్లయితే మాట్లాడాల్సింది వాళ్లతోనే. అన్నకో భర్తకో ఫోన్ చేసి "మీవాళ్లని తీసుకురండి" అంటే మళ్లీ అదే తప్పు.

ఆశా కార్యకర్త ద్వారా కబురు పెట్టడం తేలికే. అయితే ఆమె అదే ఊరి మనిషి. "ఆస్పత్రి నుంచి డాక్టరుగారు మాట్లాడతారట" అన్నంతవరకే ఆమె చేత చెప్పించండి. గొడవేమిటో ఆమెకు చెప్పొద్దు.

"మీకు బాధ కలిగి ఉంటే క్షమించండి" అనకండి. ఆ 'ఉంటే' దగ్గరే క్షమాపణ చెడిపోతుంది. జరిగింది జరిగినట్టు చెప్పండి: "మార్చిలో మీరొచ్చినప్పుడు మిమ్మల్ని కుర్చీలోనే చూసి పంపేశాం. వెనక పుండు ఉందేమో చూడలేదు. చూడాల్సింది మేమే. ఇప్పుడు ఎత్తు తగ్గే బల్ల పెట్టాం, ఎత్తి కూర్చోబెట్టడం ఇద్దరికి నేర్పించాం. మీరు రావాలో వద్దో మీ ఇష్టం." ఇక ఆపి వినండి. కోపంగా మాట్లాడితే అడ్డుపడకండి, "అప్పుడు రష్‌గా ఉంది" అని మధ్యలో సమర్థించుకోకండి. పది నిమిషాలు తిట్టినా ఫర్వాలేదు. తిట్టేవాళ్లు ఇంకా మీ నుంచి ఏదో ఆశిస్తున్నారు, మారుమాట్లాడకుండా పెట్టేసేవాళ్లతోనే కష్టం.

వినియోగదారుల కోర్టు భయం డాక్టర్లకు ఉంటుంది, అది ఉత్తి భయమేం కాదు. మీకు ఖాయంగా తెలిసిన సంగతులే చెప్పండి, కారణాలు ఊహించకండి, ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ (వైద్యంలో పొరపాటుకి పరిహారం కట్టే బీమా) ఉంటే ఆ కంపెనీకి ముందే తెలియజేయండి. మన పొరపాటు వల్ల మళ్లీ చేయాల్సి వచ్చిన పరీక్షలకు డబ్బు తీసుకోకండి.

3. సర్టిఫికెట్ భయాన్ని ముందే తీసేయండి

మన రెండు రాష్ట్రాల్లో చాలామంది వికలాంగులకు డాక్టరంటే సదరం క్యాంపులో, అంటే వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే చోట, శాతం వేసే మనిషి. 40 శాతం కంటే తగ్గితే పింఛను పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000, తెలంగాణలో 4,016. ఇంటి బియ్యం, కూరలు దానిమీదే నడిచే కుటుంబాలున్నాయి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛన్ల పునఃపరిశీలన జరిగాక ఈ భయం ఇంకా పెరిగింది.

అందుకే ఫిజియోథెరపీతో కాస్త నడక వచ్చినా "ఏం మారలేదండీ" అంటారు. మందు పనిచేస్తున్నా చెప్పరు. డాక్టరేమో అబద్ధమాడుతున్నారనుకుంటాడు. మొదటి మాటల్లోనే విడమరిచి చెప్పండి: "నేను వైద్యం చేస్తాను. ఇక్కడ నేను మీ శాతం తేల్చను, నేను రాసేది మీరడగకుండా పింఛను ఆఫీసుకి పంపను." ఇలా చెప్పాక దానికి కట్టుబడాలి. అదే డాక్టరు సదరం బోర్డులో కూడా కూర్చుంటుంటే ఆ సంగతి దాచకుండా చెప్పి, వైద్యానికి మరో డాక్టరును చూపించండి. కేస్ షీటులో "బాగా నడుస్తున్నాడు" అని గుండుగుత్తగా రాయకండి. "క్యాలిపర్ (కాలికి కట్టే ఆసరా), ఒక చేతికర్రతో 20 మీటర్లు, తర్వాత ఆయాసం" అని రాస్తే వైద్యానికీ పనికొస్తుంది, మనిషికీ నష్టం చేయదు.

4. ఒక్క పేజీ అవసరాల కాగితం

మళ్లీ మళ్లీ మొదటినుంచీ చెప్పుకోవాల్సి రావడమే చాలామందిని విసిగించేది. ఫోన్‌లోనే అడిగి ఒక పేజీ నింపండి, కేస్ షీటుకి మొదటి పేజీగా కుట్టేయండి, ఒక కాపీ పేషెంటుకి వాట్సాప్ చేయండి. అందులో ఉండాల్సినవి:

– ఎలా పిలవాలి, ఎవరితో మాట్లాడాలి, తోడుగా వచ్చేవాళ్లు లోపల ఉండాలా బయట ఉండాలా
– ఎలా మాట్లాడుకోవాలి: సైగల భాష, రాసి చూపడం, బొమ్మల బోర్డు, నెమ్మదిగా మాట, వాయిస్ మెసేజి
– కుర్చీ నుంచి బల్ల మీదికి ఎలా, ఎంతమంది, ఏ పక్క బలం ఎక్కువ
– మామూలుగా ఉండే బీపీ, బరువు, క్యాథెటర్ (మూత్రం తీసే గొట్టం) సైజు, పడని మందులు, లేటెక్స్ (రబ్బరు) అలర్జీ
– భయపెట్టేవి: గట్టి శబ్దం, చేతులు పట్టేయడం, సూది, తలుపు మూయడం
– ఏ సమయం వీలు, ఎలా వస్తారు, తిరుగు ప్రయాణం ఎప్పుడు

చివరిది చిన్న విషయం అనుకోకండి. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు పొద్దున మలవిసర్జన పనికే గంట, రెండు గంటలు పడుతుంది. "పొద్దున్నే తొమ్మిదికి మొదటి టోకెన్ మీకే" అని మీరు గొప్పగా ఇస్తే వాళ్లకది శిక్ష. పదకొండున్నర అడుగుతారు, ఇవ్వండి. మాటిమాటికీ ఆటో మాట్లాడుకుని రాలేరు కాబట్టి రక్త పరీక్ష, ఎక్స్‌రే, ఫిజియో అన్నీ ఒకే రోజు పెట్టండి. ల్యాబు మేడమీద ఉంటే టెక్నీషియన్ కిందికి రావాలి.

5. విజిట్‌కి ముందురోజు ఆస్పత్రిని సిద్ధం చేయడం

ఎవరైనా వీల్‌చైర్‌లో కూర్చుని గేటు నుంచి డాక్టరు గది దాకా, అక్కణ్నుంచి టాయిలెట్ దాకా వెళ్లి చూడాలి. దగ్గర్లో వికలాంగుల సంఘం ఉంటే వాళ్లనే పిలిచి చూపించండి, వాళ్ల సమయానికి డబ్బివ్వండి. ర్యాంపు వాలు 1:12 కంటే ఏటవాలుగా ఉండకూడదు. అంటే 30 సెంటీమీటర్ల మెట్ల ఎత్తుకి 3.6 మీటర్ల ర్యాంపు. మనదగ్గర చాలాచోట్ల మెట్ల పక్కన సిమెంటు పోసి జారుడుబండలా చేస్తారు. దాని మీద కుర్చీ ఎక్కించాలంటే ఇద్దరు తోయాలి, దిగేటప్పుడు ప్రాణం చేతిలో పెట్టుకోవాలి. తలుపుకి 90 సెంటీమీటర్ల ఖాళీ, కుర్చీ తిరగడానికి 150 సెంటీమీటర్ల వలయం కావాలి. వికలాంగుల టాయిలెట్‌లో బకెట్లు, చీపుళ్లు, ఫినాయిల్ డబ్బాలు ఉన్నాయేమో చూడండి. ఉంటాయి.

బల్ల 45–50 సెంటీమీటర్ల దాకా దిగగలిగితే కుర్చీ సీటుకి సమంగా వస్తుంది. కొనలేకపోతే ఫిజియోథెరపీలో వాడే తక్కువ ఎత్తు మంచమైనా ఒక గదిలో వేయండి.

బరువు తూచడం దాదాపు ఎక్కడా జరగదు. కంటిచూపుతో "అరవై ఉంటారు" అని రాసేస్తారు, ఆ లెక్క మీదే మత్తుమందు మోతాదు పడుతుంది. ఒక ప్లాట్‌ఫాం కాటా కొని, అంచుకి చిన్న చెక్క ర్యాంపు కొట్టించండి. మనిషినీ కుర్చీనీ కలిపి తూచి, మనిషి బల్ల మీద ఉన్నప్పుడు ఖాళీ కుర్చీని తూచి ఆ బరువు అందులోంచి తీసేయండి. కుర్చీ బరువును అవసరాల కాగితం మీద రాసి ఉంచితే తర్వాతిసారి ఒక్కసారి తూస్తే సరిపోతుంది. బీపీ పట్టీ పెద్ద సైజుది కూడా ఉంచండి. చేతులతో చక్రాలు తిప్పేవాళ్ల దండ చేతులు లావుగా ఉంటాయి, చిన్న పట్టీ కడితే బీపీ లేనిది ఉన్నట్టు చూపిస్తుంది.

6. ఆ రోజు

గేటు దగ్గర ఒకరు ఎదురుచూస్తూ ఉండాలి. "ఆ కుంటాయన వచ్చాడు", "ఆ చెవిటామెను పంపు" అనే కేకలు ఎవరి నోటా రాకూడదు, వార్డు బాయ్ దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా. పదిమందిలో అవమానించాలనే ఉద్దేశంతో దూషిస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు. పెద్దవాళ్లను 'మీరు' అనండి. నలభయ్యేళ్ల మనిషిని కుర్చీలో ఉన్నాడు కదా అని "ఏం బాబూ" అనకండి. "ఎంత ధైర్యమండీ మీకు" అనే పొగడ్తా వద్దు, ఆయన కడుపునొప్పికి వచ్చాడు.

సమయం మామూలు ఓపీకి రెట్టింపు పెట్టుకోండి, కనీసం 20 నిమిషాలు. ముందుగా చూడమన్నది దయ కాదు. అదే చట్టం 25వ సెక్షన్ వైద్యంలో వాళ్లకు ప్రాధాన్యం ఇవ్వమంటుంది. లైన్లో ఉన్నవాళ్లు గొణిగితే సమాధానం చెప్పాల్సింది సిబ్బంది, పేషెంటు కాదు.

ఎత్తేటప్పుడు: "మిమ్మల్ని ఎలా ఎత్తితే వీలు?" అని అడగండి. రెండు బ్రేకులూ వేయండి, పాదాల పలకలు పైకి మడవండి, బలమైన పక్క బల్లకు దగ్గరగా పెట్టండి. చంకల్లో చేతులు వేసి లాగితే భుజం పట్టేస్తుంది. పోలియో, పక్షవాతం వచ్చిన కాళ్ల ఎముకలు పెళుసుగా ఉంటాయి, మెలి తిరిగితే విరుగుతాయి. కుర్చీని అవతలికి తోసేయకండి. అది కనబడేంత దూరంలో ఉండాలి, ఎవరూ దానిమీద ఫైళ్లు పెట్టకూడదు.

చూపు లేనివాళ్లకు ముందు మీ పేరు చెప్పండి, ముట్టుకునే ముందు చెప్పండి. సమ్మతి పత్రం మొత్తం చదివి వినిపించాకే వేలిముద్ర. గోళీల షీట్లన్నీ చేతికి ఒకేలా తగులుతాయి, పొద్దుటి దానికి ఒక రబ్బరు బ్యాండు, రాత్రి దానికి రెండు చుట్టి, మోతాదును వాయిస్ మెసేజిగా పంపండి. చెవులు వినపడనివాళ్లకు పిల్లల చేత చెప్పించకండి. తల్లికి గర్భసంచి తీయాలని పదేళ్ల కొడుకు సైగలు చేసి చెప్పడం ఇద్దరికీ నరకం. సైగల భాష అనువాదకులను వీడియోలోనైనా తీసుకురండి. తెలుగులో రాసి ఇస్తే అందరికీ అర్థమవుతుందనీ అనుకోవద్దు, సైగల్లో పెరిగినవాళ్లలో చదువు అందనివాళ్లు ఎక్కువ. అర్థమైందా అని అడిగితే తల ఊపుతారు. "గోళీ ఎప్పుడు వేసుకుంటారో చూపించండి" అనండి.

మానసిక ఎదుగుదల లోపం, ఆటిజం ఉన్నవాళ్లను గతంలో నలుగురు పట్టుకుని సూది వేసి ఉంటే, మొదటి విజిట్‌లో ఏమీ చేయకండి. పది నిమిషాలు గదిలో కూర్చుని, స్టెతస్కోపు ముట్టుకుని వెళ్లిపోవడమే ఆ రోజు పని. రక్తం తీయాల్సిన రోజు చర్మం మొద్దుబార్చే లిగ్నోకెయిన్–ప్రిలోకెయిన్ క్రీము గంట ముందు రాసి కప్పి ఉంచండి. కోపం, తల బాదుకోవడం కొత్తగా మొదలైతే మానసిక మందు పెంచేముందు పన్ను, చెవి, మలబద్ధకం, గ్యాస్ మంట, ఎక్కడైనా ఎముక విరగడం చూడండి. నొప్పిని నోటితో చెప్పలేనివాళ్లు ఇలాగే చెబుతారు.

స్త్రీల పరీక్షలో తోడు నర్సు ఉండాలి, తెర ఉండాలి, కుటుంబాన్ని బయటికి పంపి ఒంటరిగా మాట్లాడే వీలుండాలి. పిల్లలు పుట్టకుండా చేసే ఏ ఆపరేషనైనా ఆమె స్వేచ్ఛగా, తెలిసి ఒప్పుకోకుండా చేయడానికి వీల్లేదని అదే చట్టం 10వ సెక్షన్. అత్తగారి సంతకం చాలదు.

7. నమ్మకాన్ని రెండోసారి చంపే వైద్యపు తప్పులు

మర్యాద ఎంత బాగున్నా ఇక్కడ తప్పితే అంతా వృథా. అన్నిటికంటే మామూలు తప్పు, ఏ బాధ చెప్పినా వైకల్యం మీదికి నెట్టేయడం. "మీకు పోలియో కదా, నొప్పులుంటాయి." ఈ మాట నాలుక మీదికి వచ్చినప్పుడల్లా ఆగి, ఇదే బాధతో వైకల్యం లేని మనిషి వస్తే ఏ పరీక్షలు రాస్తానని మిమ్మల్ని మీరు అడిగి అవే రాయండి.

ఛాతీ పైభాగంలో (ఆరో ఛాతీ వెన్నుపూస, అంతకంటే పైన) వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల పై బీపీ మామూలుగా 90–110. వాళ్లు తలపోటు, ముఖం ఎర్రబడటం, చెమటలు అని వస్తే, 140 చూసి "ఫర్వాలేదు" అని పంపేయడం ప్రమాదం. మామూలు కంటే 20–40 పెరిగితే అది అత్యవసరమే, పక్షవాతం దాకా వెళ్తుంది. పడుకోబెట్టకండి, నిటారుగా కూర్చోబెట్టండి. బిగుతు బట్టలు, బెల్టులు వదులు చేయండి. క్యాథెటర్ మెలిపడిందా, సంచి నిండిందా చూడండి. ఎక్కువసార్లు కారణం అక్కడే. తర్వాత మలం గట్టిపడిందా, పుండు ఉందా చూడండి. బీపీ 2–5 నిమిషాలకోసారి. 150 దాటి దిగకపోతే బీపీ తగ్గించే మందు. ఇది తెలిసిన పేషెంటు "సార్, నా క్యాథెటర్ చూడండి" అంటే "నువ్వు డాక్టరువా" అనకండి.

హీమోఫీలియా (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు), తలసేమియా, సికిల్ సెల్ కూడా చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఉన్నాయి. హీమోఫీలియా ఉన్నవాళ్లకు కండలోకి సూది వేయకూడదు, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ ఇవ్వకూడదు, తలకు దెబ్బ తగిలి వస్తే ముందు రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టరు, తర్వాతే స్కాను. ఏ జ్వరానికైనా నడుముకో సూది వేసే మన అలవాటు వాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. సికిల్ సెల్ నొప్పితో ఏజెన్సీ నుంచి వచ్చిన కుర్రాణ్ని "ఇంజెక్షన్‌కి అలవాటుపడ్డాడు" అని కూర్చోబెట్టకండి, వచ్చిన 30 నిమిషాల్లో నొప్పి మందు పడాలి. స్పైనా బైఫిడా (పుట్టుకతోనే వెన్నెముక సరిగ్గా మూసుకోని లోపం) ఉన్నవాళ్లకు లేటెక్స్ గ్లవ్సు, క్యాథెటర్ వాడకండి.

వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లను గట్టి స్ట్రెచర్ మీద గంటల తరబడి వదిలేస్తే అక్కడే పుండు పుడుతుంది. పడుకుని ఉంటే రెండు గంటలకోసారి పక్క మార్చాలి. వాళ్ల పరుపు, దిండు వాళ్ల దగ్గరే ఉండాలి.

8. తర్వాత

మూడో రోజు ఫోన్ లేదా మెసేజి. "ఎలా ఉన్నారు" ఒక్కటే కాదు, "మేం చెప్పినవాటిలో ఏది జరగలేదు?" అని అడగండి. వచ్చిన జవాబు అవసరాల కాగితం మీదికి ఎక్కించండి. ఇదంతా ఒక్క మంచి నర్సు భుజాల మీద నడుస్తుంటే, ఆమె సెలవు పెట్టిన రోజు కూలిపోతుంది. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా ఎత్తడం, క్యాథెటర్ చూడటం అరగంట చేయించి చూపించండి.

ఫిర్యాదు దారి మీరే చెప్పండి, కుర్చీలో కూర్చున్నవాళ్ల కంటికి అందే ఎత్తులో గోడ మీద రాసి పెట్టండి. ప్రభుత్వ ఆస్పత్రిలో అయితే వికలాంగుల హక్కుల చట్టం 23వ సెక్షన్ కింద ఫిర్యాదుల అధికారి, రిజిస్టరు ఉండాలి, నమోదైన రెండు వారాల్లో విచారించాలి. అక్కడ తృప్తి కలగకపోతే జిల్లా వికలాంగుల కమిటీకి వెళ్లవచ్చు. ఫిర్యాదులు పెరిగితే కంగారుపడకండి, మొదట్లో పెరగడమే మామూలు. ఇన్నాళ్లూ మౌనంగా మానేసినవాళ్లు నోరు తెరుస్తున్నారు. మీరు లెక్క చూడాల్సినవి వేరే: టైమిచ్చినవాళ్లలో ఎంతమంది వచ్చారు, చూపించుకోకుండా ఎంతమంది వెళ్లిపోయారు, ఎంతమంది బరువు నిజంగా తూచారు.

ఇంత చేసినా కొందరు రామంటారు. రెండోసారి ఒత్తిడి చేయకండి. పాత రికార్డులన్నీ, అవసరాల కాగితం, ఒక పేజీ వైద్య సారాంశం కలిపి ఇవ్వండి. వాళ్లు ఒప్పుకుంటే, ఎంచుకున్న కొత్త డాక్టరుకు మీరే ఫోన్ చేసి, బల్ల ఎత్తు, మామూలు బీపీ, పడని మందులు ముందే చెప్పండి.